బీరు జాడీ, బొబ్బిలి కబురు

"నాన్నకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

గిరిబాబు గొంతు తగ్గించే అడిగాడు. కానీ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఎంత తగ్గించినా వంటింటి మాట వరండాకి చేరకుండా ఉండదు. అప్పయమ్మ గబుక్కున కుళాయి తిప్పింది. ఖాళీ బిందెలో నీళ్ళు దడదడమని పడ్డాయి.

"ఎవరూ సెప్పక్కర్లేదు" అంది.

"అమ్మా! పోయింది దారినపోయే దానయ్య కాదు. పెద్దనాన్న."

"నెమ్మదిగా అనరా."

"నెమ్మదిగానే అంటున్నాను. పెద్దనాన్న పోయాడు. పొద్దున్నే బొబ్బిలి స్టేషను నుంచి మా పార్సిలాఫీసుకి ఫోను చేయించారు. ఆయనకి కొడుకుల్లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. నాన్న వచ్చి తలకొరివి పెట్టాలని శవాన్ని ఐసు మీద ఉంచి కూచున్నారు. సాయంకాలం బండికి రాయపూర్ వెళ్ళి మారితే రేపు మధ్యాహ్నానికి చేరతాడు. ఆ బండి దాటిపోతే మరి ఆపరు. అల్లుడి చేత కానిచ్చేస్తారు."

"కానిచ్చీమను."

గిరిబాబు తల్లి ముఖంలోకి చూశాడు. ఈమేనా, పక్కింటి పిల్లి చస్తే రెండు పూటలు అన్నం మానేసిన మనిషి?

"ఒలే అప్పాయీ!" వరండాలోంచి కేక వినపడింది. "ఆ గరాటా ఎక్కడెట్టినావే? ఎలకలకి పెళ్ళిబూరా కింద ఇచ్చీనావేటి?"

ఆ గొంతు వినగానే తల్లీ కొడుకూ ఇద్దరూ ఆగిపోయారు. నెల కిందటిదాకా ఆ ఇంట్లో వినపడని గొంతు అది.

ముప్ఫయ్యేళ్ళు ఇంజన్ల మీద తిరిగిన మనిషిని కళ్ళ డాక్టరు ఒక్క పూటలో కిందికి దింపేశాడు. డ్రైవరు త్రినాథరావుని తీసుకెళ్ళి షెడ్డులో ఓ మూల కుర్చీలో కూచోబెట్టారు. ముందు తిండి తగ్గింది. తర్వాత మాట ఆగిపోయింది. ఆ తర్వాత ఓ తెల్లవారుజామున గతౌరా స్టేషను అవతల పట్టాల మధ్య కూచుని ఉంటే, గ్యాంగ్‌మన్ పోలయ్య రెక్క పట్టుకుని పక్కకి లాగి, ఇంటికి తెచ్చి అప్పగించాడు.

"తోవ తప్పినాను" అన్నాడు త్రినాథరావు. ఆ లైనులో ప్రతి రాయీ తెలిసినవాడు.

అప్పట్నించీ అప్పయమ్మ నిద్రలో కూడా ఒక చెవి తలుపు గొళ్ళెం మీదే ఉంచింది.

ఆయన్ని మళ్ళీ మనుషుల్లో పడేసింది దేవుడూ కాదు, డాక్టరూ కాదు. బీరు.

ఇన్‌స్టిట్యూట్‌లో అంటే రైల్వే క్లబ్బులో, క్రిస్మస్ వారానికి కేకుల పోటీ, వైను పోటీ ఏటా ఉండేవే. ఊళ్ళో మిగిలిన నాలుగు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలూ కలిసి ఈ ఏడాది మొట్టమొదటిసారిగా ఇంట్లో కాచిన బీరుకి కూడా పోటీ పెట్టారు. పైవాళ్ళ పర్మిషను కూడా తెచ్చారు. కోడలు రాజశ్రీ ఆ వార్త మోసుకొచ్చి అన్నం దగ్గర ఊరికే చెప్పింది. త్రినాథరావు కంచంలోంచి తలెత్తాడు.

"బీరా? బీరు నాకొచ్చు" అన్నాడు.

ఎన్నాళ్ళకో ఆయన నోటి వెంట వచ్చిన మాట. అప్పయమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడే మస్తూరీ సంతకి పోయి బార్లీ తెచ్చాడు. తడి గోనెలో మొలకెత్తించాడు, ఎండబెట్టాడు, పెనం మీద దోరగా వేయించి తిరగట్లో బద్దలుగా పగలగొట్టాడు. వేడినీళ్ళలో నానేసి, వడకట్టి, చేదు కోసం అప్పయమ్మ ఉగాదికని దాచుకున్న వేపపువ్వంతా పోసి కాచాడు. "పచ్చడికి కాస్త ఉంచవయ్యా" అని ఆమె మొత్తుకుంటే, "ఉగాదికి మళ్ళీ పూస్తాదిలేయే" అన్నాడు.

ఆ రాత్రి అప్పయమ్మ ఆ మాటని పదిసార్లు తల్చుకుంది. ఉగాది గురించి మాట్లాడేడంటే ఉగాది దాకా ఉండాలనుకుంటున్నాడన్నమాట.

బేకరీ ఈస్టు వేశాక జాడీకి చలి తగలకూడదని తన డ్రైవరు ఓవర్‌కోటు తీసి దానికి చుట్టాడు. ఆ కోటు ఆర్నెల్లుగా మేకుకి వేలాడుతుంటే చూడలేక అటు తిరిగి పడుకున్నవాడు.

ఈ వేళ సీసాలకి పట్టాలి. పై ఆదివారం పోటీ.

అలాంటి రోజు పొద్దున్నే ఈ కబురు!

"పది రోజులు దాస్తావా?" గిరిబాబు మళ్ళీ మొదలెట్టాడు.

"దాస్తాను."

"పోటీ కోసం?"

"పోటీ నాకెందుకురా? ఆ పోటీ ఉన్నన్నాళ్ళూ మీ నాన్న పొద్దున్నే లెగుస్తాడు. అదీ నాక్కావలసింది. ఈ కబురు విన్నాడంటే మైల. మైలిల్లు కాబట్టి ఆ జాడీ కాలవ పాలు. పన్నెండు రోజులు అక్కడ కూచుని వచ్చేసరికి పోటీ అయిపోతాది. మళ్ళీ ఆ కుర్చీ, ఆ గోడ. ఆ తరవాత ఎటెళ్తాడో నాకు తెల్సు, నీకూ తెల్సు."

"మరి ఆయన అన్న?"

"పదిహేనేళ్ళుగా మాటల్లేని అన్న! బతికుండగా ఒక్క కార్డు ముక్క రాయలేదు."

"మాటల్లేకపోతే రక్తం లేకుండా పోతుందా అమ్మా?"

అప్పయమ్మ కుళాయి వైపు తిరిగింది. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి.

"చూడు" గిరిబాబు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "డ్యూటీ దిగి పాసు రాయించుకుని వస్తాను. సందేళకి నువ్వు చెప్పేసి ఉండాలి. లేకపోతే గేటు దగ్గరే నిలబడి నేను చెప్తాను. బస్. ఇంకేం మాట్లాడకు."

పెరటి తలుపు లోంచి వెళ్ళిపోయాడు.

*

వరండా నిండా సీసాలే. ఇన్‌స్టిట్యూట్ బారు నుంచి తెచ్చిన పాత సీసాల్ని సోడా నీళ్ళతో కడిగి, బోర్లించి, ఎండకి పెట్టాడు త్రినాథరావు. నోట్లో ఆరిన బీడీ. కళ్ళు చికిలించి ఒక్కో సీసానీ ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూస్తున్నాడు.

"ఎవడే అక్కడ నీతో?"

"గిరిగాడు. టిఫిను కారియరు మర్చిపోనాడట."

"పెళ్ళైనోడు మర్చిపోవలసిందే. రాజశ్రీ, నీ మొగుడికి తలకాయెక్కడుందో గుర్తుందా అమ్మా?"

రాజశ్రీ కిసుక్కున నవ్వింది. బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగులో మొదలెట్టిన మాటని హిందీలో దింపుతుంది. "అచ్ఛా మామయ్యా, మీ పోలికే కదా!"

"ఒలమ్మో, మాట నేర్చింది! అప్పాయీ, ఇలా రా. కోటు ఇప్పి జాడీ కాస్త ఒంచి పట్టుకో."

అప్పయమ్మ అడుగు పడలేదు. చావుకబురు చెవిన పడ్డ ఒళ్ళు. తలస్నానం చెయ్యకుండా, మైలచేత్తో, నెలరోజుల కష్టాన్ని ముట్టుకోవడమా?

"ఏటలా నిలబడ్డావు? జాడీ కరుస్తాదేటి?"

"వస్తన్నా."

పట్టుకుంది. ఓవర్‌కోటు విప్పుతుంటే వెచ్చగా తగిలింది. లోపల ఏదో సన్నగా సుయ్‌మంటోంది. తప్పు తల్లీ, తప్పు అనుకుంది మనసులో. ఏ తల్లిని ఉద్దేశించి అనుకుందో ఆమెకే తెలీదు.

త్రినాథరావు రబ్బరు గొట్టం ఒక కొస జాడీలో పెట్టి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. గుటక పడింది. కళ్ళు మూసుకున్నాడు.

"కైసా హై మామయ్యా?"

"సేదు ముందొచ్చింది. తీపి గూడ్సుబండి లాగ ఎనకాల తాపీగా వస్తాంది." ఆయన ముఖం మీద నెమ్మదిగా నవ్వు పరుచుకుంది. "అదేనే. అచ్చం అదే."

ఏది అచ్చం ఏదో అప్పయమ్మ అడగలేదు. ఆ నవ్వు చూస్తే చాలనుకుంది. దీని కోసం వంద అబద్ధాలైనా ఆడొచ్చు.

సీసాలు ఒక్కొక్కటీ నిండుతున్నాయి. ప్రతి సీసాలో అర చెంచా పంచదార వేసి, బిరడా పెట్టి చెక్క సుత్తితో కొట్టి, పైకి తన్నుకు రాకుండా సన్నటి సిగ్నలు తీగతో బిగిస్తున్నాడు. సుత్తి సిర్గిట్టిలో ఓ తెలిసిన వర్క్‌షాపువాడు చేసిచ్చింది.

రాజశ్రీ కాగితం ముక్కలు కత్తిరించి జిగురు రాస్తోంది. "మామయ్యా, ప్రతి బీరుకీ పేరుండాలన్నారు. త్రినాథ్ బీర్ అని రాసెయ్యనా?"

"ఒద్దు. తిరుమల అని రాయి."

పిల్ల కలం ఆగిపోయింది. "తిరుపతి భగవాన్ పేరు బీరు మీదా? పాప్ లగేగా మామయ్యా!"

త్రినాథరావు పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. "దేవుడు కాదే పిచ్చితల్లీ! మా అన్న. తిరుమలరావు. ఈ బీరు నాది కాదు, ఆయనది. డ్రైవరు డిక్రూజ్ దొర దగ్గర బొగ్గేసే ఫైర్‌మన్‌గా ఉన్నప్పుడు నేర్చుకున్నాడు. నాను పక్కన నిలబడి నేర్చుకున్నాను."

అప్పయమ్మ చేతుల్లో జాడీ ఒకవైపుకి ఒరిగింది.

"ఏయ్, సూస్కో! అడుగు మడ్డి కదిలిపోతాది."

"ఆయన పేరు... ఎప్పుడూ అననివ్వలేదు కదా నువ్వు?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

త్రినాథరావు గొంతు మారింది. నవ్వు పోలేదు గానీ లోపలికి వెళ్ళింది.

"అననివ్వలేదు. ఎనకటి ఆ రాత్రి సంగతి నీకు తెల్సు గదా. బండి అన్నది, బొగ్గు నాది. స్టేషను బయట ఔటరు సిగ్నలు ఎర్రగా ఉంది. 'అన్నా ఎర్ర' అని అరిసినాను. 'పచ్చేరా' అన్నాడు. బండి ఆపకుండా వదిలీసినాడు. పెట్టెలు పట్టాలు దిగి పడిపోనాయి. ఎంక్వయిరీలో నన్నడిగితే ఎర్రేనన్నాను. నిజమే సెప్పినాను. అన్న ఉద్యోగం పోనాది. 'నీకు పచ్చ ఎర్రైతే, నాకు తమ్ముడు లేడు' అని బొబ్బిలి ఎల్లిపోనాడు."

"పాత కథ ఇప్పుడెందుకు మావా?"

"ఇను. మొన్న ఆ కళ్ళ డాక్టరు చీకటి గదిలో ఓ లైటెట్టి ఇదేటని అడిగినాడు. పచ్చ అన్నాను. మళ్ళీ అడిగినాడు. గుండె మీద చెయ్యేసి మరీ పచ్చన్నాను." ఆయన చేతిలో ఖాళీ సీసాని అటూ ఇటూ తిప్పాడు. "అది ఎర్రటే. 'మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?' అన్నాడు డాక్టరు. అప్పుడు తెలిసింది. అన్న అబద్ధమాడలేదే. ఆయనకి పచ్చగానే కనపడింది. పదిహేనేళ్ళు ఆ మనిషిని అబద్ధాలకోరని నాననుకున్నాను, నన్ను ద్రోహి అని ఆయననుకున్నాడు. ఇద్దరం నిజమే సెప్పినాం."

షెడ్డు వైపు నుంచి ఇంజను ఊదిన కూత సన్నగా వినపడి ఆగిపోయింది.

అప్పయమ్మ జాడీని గట్టిగా పట్టుకుంది. అయితే ఆనాడు పట్టాల మీద కూచున్నది పోయిన ఉద్యోగం కోసం కాదు! ఆర్నెల్లుగా పక్కన పడుకున్న మనిషి గుండెలో ఏముందో తనకి తెలియనే లేదు.

"అందుకే బంగార్రాజు గార్డు బొబ్బిలి వైపు డ్యూటీకి ఎల్తుంటే అన్నకి కబురెట్టినాను" అన్నాడు త్రినాథరావు. ఇప్పుడు గొంతులో చిన్నపిల్లాడి గర్వం. "ఇలా ఇలా, నా కళ్ళూ పోనాయి, తప్పు నాదే, నీ బీరే కాస్తన్నాను, పై ఆదివారం పోటీ, వచ్చి రుచి సూడమని. ఏటన్నాడో తెల్సా? 'కళ్ళు నాకూ ఎప్పుడో పోనాయి గానీ నాలిక ఇంకా డ్యూటీలోనే ఉంది, వస్తన్నానని సెప్పు' అన్నాడట!"

"వస్తానన్నాడా?"

"వస్తన్నాడే! నీకు ఆఖర్న సెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నోరాగలేదు. మొదటి గ్లాసు జడ్జీలకి కాదు. ఆయనకి. ఏటే, ఏడుస్తున్నావా?"

"ఈస్టు వాసన" అంది అప్పయమ్మ. "కళ్ళు మండుతున్నాయి."

జాడీ కోడలికి అప్పగించి వంటింట్లోకి పారిపోయింది.

*

పొయ్యి ముందు కూచుంది. చెయ్యడానికి పనేం లేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

చెప్తే ఏమవుతుంది? 'వస్తన్నాడే' అన్న ఆ గొంతు ఆగిపోతుంది. చెప్పకపోతే? పై ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇన్‌స్టిట్యూట్ గేటు దగ్గర నిలబడతాడు. వచ్చే ప్రతి మనిషి ముఖంలోకీ ఆ పాడు కళ్ళు చికిలించి చూస్తాడు. అన్న రాడు. రాలేదేమని అడిగితే ఎవరు చెప్పాలి? బూడిద కూడా చల్లారిపోయాక చెప్పాలా?

పొద్దున్న మొగుణ్ణి కాపాడుతున్నాననుకుంది. ఇప్పుడు తన చేత్తో తనే ఆయన్ని తోస్తోందేమో! ఎటు తోస్తోందో తెలియడం లేదు.

లేచి వరండా దాకా వెళ్ళింది. ఆయన కూనిరాగం తీస్తూ బిరడా కొడుతున్నాడు. నోరు తెరిచింది. "టీ ఎట్టనా?" అని అడిగి వెనక్కి వచ్చేసింది.

అలా ఎన్నిసార్లు వెళ్ళిందో, ఎన్నిసార్లు వచ్చిందో. ఎండ వరండా మెట్లు దిగిపోయింది.

"అత్తమ్మా" రాజశ్రీ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "దీపం పెట్టలేదేం? అంధేరా హో గయా."

"ఎడతాలే."

అగ్గిపెట్టె తీసుకుని దేవుడి గూటి ముందు నిలబడింది. పొద్దుట్నించీ మొగుడితో అబద్ధమాడింది. కోడలి ముందు నటించింది. మైలచేత్తో జాడీ ముట్టుకుంది. కానీ ఇక్కడ చెయ్యి లేవలేదు. పుల్ల తీసింది, మళ్ళీ లోపల పెట్టింది.

"తలనొప్పా అత్తమ్మా? ఉండండి, నేను పెట్టేస్తా." రాజశ్రీ అగ్గిపెట్టె లాక్కుని పుల్ల గీసేసింది.

"ముట్టకు!"

ఆ అరుపు వీధిలోకి వినపడింది. పుల్ల రాజశ్రీ వేళ్ళ మధ్యే ఆరిపోయింది.

వరండాలో సుత్తి చప్పుడు ఆగింది.

త్రినాథరావు గుమ్మంలోకి వచ్చాడు. పెళ్ళాన్ని చూశాడు. కోడల్ని చూశాడు. వెలగని ప్రమిదని చూశాడు.

"దీపం ఎందుకెట్టలేదే?"

"ఒంట్లో బాగులేదు."

"నీకు బాగులేదు. కోడల్నెందుకు ముట్టద్దన్నావు?"

అప్పయమ్మ గోడకి ఆనుకుంది.

ఆయన తొందరపడలేదు. పొగమంచులో ఔటరు దగ్గర బండి నడిపినట్టు నెమ్మదిగా, ఒక్కో మాటా తడుముకుంటూ వచ్చాడు. "నీ పుట్టింటోళ్ళెవరైనా అయితే నువ్వు ఎట్టవు. కోడలు ఎట్టొచ్చు. కోడలు కూడా ఎట్టకూడదంటే మన ఇంటిపేరోళ్ళు." ఆగాడు. "మన ఇంటిపేరుతో మిగిలిందెవరే? నానిక్కడే ఉన్నాను. గిరిగాడు పొద్దున్న డ్యూటీకెల్లినాడు..."

"ఉన్‌కో క్యా హువా?" రాజశ్రీ అత్తగారి భుజాలు పట్టుకుని ఊపేసింది. "అత్తమ్మా! ఆయనకేమైంది? చెప్పండి!"

"వాడికేటీ కాలేదే! వాడు బాగున్నాడు! నీ పసుపు కుంకాల మీదొట్టు, వాడు బాగున్నాడు!"

అనేశాక తెలిసింది ఆమెకి, ఏమన్నదో.

ఇంక మిగిలింది ఒక్కడే.

త్రినాథరావు వెలగని ప్రమిదనే చూస్తూ నిలబడ్డాడు. గోడ గడియారం మాత్రం ఎవరి గొడవా పట్టనట్టు కొట్టుకుంటోంది. అప్పయమ్మ పెదవులు కదిలాయి.

"పేరు సెప్పకు" అన్నాడు ఆయన.

"మావా..."

"సెప్పకు అన్నాను గదా. సెవిన పడ్డ గడియ నుంచే మైల. మా అమ్మ అనేది. నాను ఇన్లేదు. ఇనకపోతే ఏటీ జరగలేదు. ఆదివారం వస్తానన్నాడు. వస్తాడు."

తిరిగి వరండాలోకి వెళ్ళి పీట మీద కూచున్నాడు. సీసా తీసుకున్నాడు. బిరడా పెట్టాడు. సుత్తి దెబ్బ పడింది. మరొకటి. తడబాటు లేని దెబ్బలు.

గేటు చప్పుడైంది. గిరిబాబు ఒక చేత్తో సంచీ, రెండో చెయ్యి జేబులో పాసు మీద పెట్టుకుని నిలబడ్డాడు. తల్లి ముఖం చూశాడు. చెప్పేశావా అని కళ్ళతోనే అడిగాడు.

పొద్దుట్నించీ ఆమె కోరుకున్నదే జరిగింది. దాచక్కర్లేదు, ఆయనే దాచుకుంటానంటున్నాడు. నోరు మూసుకుంటే చాలు. కాసేపట్లో రాయపూర్ బండి వెళ్ళిపోతుంది. జాడీ నిలుస్తుంది. పోటీ నిలుస్తుంది.

మొగుడి ముఖం వైపు చూసింది. ఒక్క గీత కూడా లేదు. నీళ్ళు నిలిచిన చెరువులా ఉంది.

పోలయ్య గతౌరా నుంచి తీసుకొచ్చిన రోజున కూడా ఆ ముఖం ఇలాగే ఉంది.

"బావ పోనాడు మావా" అంది అప్పయమ్మ. గట్టిగా అంది, తప్పించుకోవడానికి వీల్లేనంత గట్టిగా. "తిరుమలరావు బావ పోనాడు. తెల్లారి పోనాడు. తలకొరివికి నీ కోసం సూస్తున్నారు."

సుత్తి గాల్లోనే ఆగింది. ఆయన దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టాడు. సగం దిగిన బిరడా మీద బొటనవేలు ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పొద్దున్న."

"సీసాలు కడుగుతున్నప్పుడు తెల్సు."

"తెల్సు."

"ఆయన వస్తానన్నాడని నాను నవ్వుతుంటే తెల్సు."

ఆమె తల ఊపింది.

త్రినాథరావు లేచి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళాడు. డిసెంబరు చలిలో, కట్టుబట్టలతో, చన్నీళ్ళు బకెట్ల మీద బకెట్లు దిమ్మరించుకున్నాడు. రాజశ్రీ తువ్వాలు పట్టుకుని నిలబడింది. తీసుకోలేదు. నీళ్ళు కారుతూనే వరండా మెట్లు దిగాడు.

"నాన్నా, పొడిబట్టలు..." గిరిబాబు సంచీ ఎత్తి చూపించాడు.

"బండిలో."

"మావా!" అప్పయమ్మ మెట్ల దాకా పరిగెత్తింది. "ఈ జాడీ... ఈ సీసాలు..."

ఆయన గేటు దగ్గర ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"పారబోస్తావో ఉంచుతావో నీ ఇష్టం. పొద్దుట్నించీ అన్నీ నీ ఇష్టమే గదా!"

"చెయ్యొదలకురా!" కొడుకు వెనకనుంచి అరిచింది అప్పయమ్మ. "గిరీ, నాన్న చెయ్యొదలకు!"

*

చావుకబురుకి పాసు అక్కర్లేదు. అరగంటలో కాలనీ ఆడవాళ్ళంతా వరండాలోకి వచ్చారు. ముందు చిన్నతల్లి. ఆ వీధిలో పురుడైనా చావైనా ఆవిడ చెప్పిందే శాస్త్రం.

"ఏడుపులు తరవాత. ముందు బిందెలు ఒలికించండి. వండినవేటున్నాయో బయట పారబొయ్యండి. రాజశ్రీ, దేవుడి గూటికి గుడ్డ కట్టు." ఆవిడ చూపు జాడీ మీద పడింది. "ఇదేటే అప్పయమ్మా? పులిసిన కంపులా ఉంది! ఇదీ, ఈ సీసాలూ కూడా కాలవలో..."

అప్పయమ్మ లేచి జాడీకీ ఆవిడకీ మధ్య గుమ్మంలో అడ్డంగా కూచుంది. రెండు చేతులూ రెండు ద్వారబంధాలకీ ఆనించింది.

"బిందెలు ఒలికించండి. కుండలు బద్దలు కొట్టండి. ఇది మటుకు ముట్టకండి."

"మైలిల్లే ఇది! ఆచారం మర్చిపోనావేటి?"

"మర్చిపోలేదు వదినా. పాపమేదన్నా ఉంటే నాకే రానీ. ఇందులో ఒక్క చుక్క కింద పడ్డానికి వీల్లేదు."

"పిచ్చెక్కిందేటే నీకు? మందు కోసం..."

"ఆ మనిషి మళ్ళీ ఈ మెట్లెక్కాలంటే ఆయనకోసం ఏదో ఒకటి ఉండాల" అంది అప్పయమ్మ. "నా ముఖం చూసి ఎక్కడు. ఇది చూసైనా ఎక్కుతాడేమో."

చిన్నతల్లి ఒక అడుగు వెనక్కి వేసింది. ఎవరి చేతిలోంచో ఒక బిందె జారి మెట్ల మీదుగా దొర్లుకుంటూ పోయింది.

దూరంగా స్టేషను వైపు కూత వినపడింది. రాయపూర్ బండి. ఆడవాళ్ళంతా అటు చూశారు. కూత సాగి సాగి సన్నబడింది. ఎక్కేశాడు అనుకుంది అప్పయమ్మ. గిరిగాడు పక్కనున్నాడు. పొడిబట్టలు కట్టుకునుంటాడు. రేపు అన్న మొహం చూస్తాడు. చూసి ఏడిస్తే చాలు. ఏడ్చిన మనిషి బతుకుతాడు.

వీధి దీపాలు వెలిగి చాలాసేపయ్యాక గేటు కిర్రుమంది.

గిరిబాబు. ఒక్కడే. సంచీ చేతిలోనే ఉంది.

ఆడవాళ్ళు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. అతను మెట్ల దగ్గరే ఆగిపోయాడు. రొప్పుతున్నాడు.

"ఎక్కినాడా?" అంది అప్పయమ్మ.

"వణికిపోతున్నాడమ్మా. టీ తెమ్మన్నాడు. వేడిగా తెమ్మన్నాడు. తెచ్చేసరికి బెంచీ మీద లేడు. బండి కదిలిపోతోంది. కిటికీ కిటికీలోంచీ చూసుకుంటూ పరిగెత్తాను. నాన్నా నాన్నా అని..."

"కనపడ్డాడా?"

గిరిబాబు తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కినాడో లేదో..." ఎవరో అనబోతే చిన్నతల్లి వాళ్ళ చెయ్యి గిల్లింది.

"పోలయ్యనీ, షెడ్డువాళ్ళనీ లైను వెంట పంపించాను" అన్నాడు గిరిబాబు. "రాయపూర్‌కి ఫోను కొట్టించాను. బండి అక్కడ ఆగేదాకా..." తల్లి ముందు మెట్టు మీద కూలబడ్డాడు.

అప్పయమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసింది. గుమ్మంలోంచి మాత్రం కదల్లేదు.

"రాజశ్రీ" అంది.

"అత్తమ్మా..."

"జాడీలో ఇంకా సగముంది. మిగతా సీసాలు కూడా పట్టేసి బిరడాలు కొట్టు. ఎందుకు ఆపేశారని ఆయనొచ్చి అడుగుతాడు."